ఎడమ వెనక సొట్ట

మేం దిగే కార్ల పందేలకు ‘ప్రతి మగాడి తరగతి’ అని పేరు. ఆ పేరు పెట్టిన రోజున ఆ గదిలో ఆడమనిషి ఒక్కతె కూడా లేదని వేరే చెప్పక్కర్లేదు. తర్వాతెప్పుడో నాలుక కరుచుకుని ఆడవాళ్ళకు విడిగా ఒక పందెం పెట్టారు. అందులో దిగితే సుఖంగా కప్పులు గెలుచుకోవచ్చు కదా అని పందొమ్మిదేళ్ళుగా ప్రతి వేసవిలోనూ ఎవరో ఒకరు నాకు సలహా చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు. అందరూ దిగే పందెంలోనే దిగాను. నాలుగుసార్లు రెండోదాన్నయ్యాను. ఈ వేసవి దాకా ఫైనల్లో మొదటిదాన్ని ఒక్కసారీ కాలేదు.

నా పేరు హిల్కా. యాభై ఆరేళ్ళు. ఎదకొచ్చిన ఆవులకు సూది వేసి చూడి కట్టించడం నా ఉద్యోగం. ఆవు ఎద రైతు వీలు చూసుకుని రాదు, వాతావరణం చూసుకుని అసలే రాదు. అందుకని మంచు పడుతున్నా, మంచు కరిగి రోడ్డు జావలా అయిపోయినా రోజుకు రెండు వందల కిలోమీటర్లు మట్టి రోడ్ల మీద తిరగాల్సిందే. కారు నడపడం నాకు మనుషులెవరూ నేర్పలేదు, ఆవులు నేర్పాయి. ఆ కృతజ్ఞత కొద్దీ నా పందెం కార్లన్నిటికీ ఆవుల పేర్లే పెడుతూ వచ్చాను. మొన్న జూన్ దాకా నా దగ్గర ఉన్నదాని పేరు ముస్తిక్కి. మా వైపు నల్లావుకు పెట్టే పేరది. కారు మాత్రం ఆకుపచ్చ డాట్సన్. పాలకేంద్రం గోడకు వేయగా మిగిలిన రంగు ఊరికే ఇస్తామంటే నలుపు కోసం పట్టుబట్టలేదు.

ముస్తిక్కి కథ చెప్పాలంటే ముందు మా రూలు చెప్పాలి. ఫైనల్ అయ్యాక అరగంటసేపు మైదానంలో ఉన్న ప్రతి కారూ అమ్మకానికి ఉన్నట్టే. అన్నిటికీ ఒకటే ధర, పద్నాలుగు వందల యూరోలు. పందేల లైసెన్సు ఉన్నవాళ్ళెవరైనా ఏ కారుకైనా చీటీ వేయొచ్చు. ఒకే కారుకు నలుగురు వేస్తే డబ్బాలో కలిపి ఒక చీటీ తీస్తారు. సొంతదారు నోరెత్తడానికి వీల్లేదు, అమ్మనంటే లైసెన్సు ఊడుతుంది. కారు మీద లక్షలు పోసేవాడు ఈ ఆటలోకి రాకూడదని పెట్టిన రూలు ఇది. నాకీ రూలంటే ప్రాణం. ఇదే లేకపోతే నాలాంటిది గేటు దగ్గర టికెట్టు కొనుక్కుని, చేతిలో సాసేజీ పట్టుకుని, పక్కనుంచి చూసేదే.

అయితే ఈ రూలుకు మావాళ్ళు ఒక విరుగుడు కనిపెట్టారు. కొనడానికొచ్చేవాళ్ళు గెలిచిన కారునే చూస్తారు. రెండోది కూడా ఎప్పుడో గానీ చూడరు. కాబట్టి మంచి కారు ఉన్నవాడు ఆఖరి చుట్టులో కాలు కాస్త ఎత్తి, ఏ మూడోవాడిగానో నాలుగోవాడిగానో వచ్చి, కారును భద్రంగా ఇంటికి తోలుకుపోతాడు. మావాళ్ళు దీన్ని తెలివి అంటారు. నేను పెట్టిన పేరు వేరే ఉంది, అచ్చులో బాగుండదు.

నేనూ ఆ తెలివి ఒకసారి చూపించాను, కాదనను. ఆరేళ్ళ కింద ఒమేనా అనే కారు ఉండేది. ఆఖరి మలుపు దాకా ముందున్నాను. పోతుందేమో అన్న భయంతో కాలు ఎత్తాను. నాలుగోదాన్నయ్యాను. ఎవరూ చీటీ వేయలేదు. తర్వాతి ఆదివారం మొదటి చుట్టులోనే ఒమేనా ఇంజన్ ముక్కలైంది. గెలవాల్సిన కారు గెలవకుండానే పాత ఇనుములోకి పోయింది. ఆ వేసవంతా నా మీద నాకే అసహ్యంగా ఉండేది. మళ్ళీ జన్మలో కాలు ఎత్తనని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

ఇక తౌనో. మా ఓట్స్ చేనుకు అవతల వాళ్ళ ఇల్లు. వేసవిలో సేద్యం, చలికాలంలో రోడ్ల మీద మంచు తోసే పని. అరవై రెండేళ్ళు. తొమ్మిది ఫైనళ్ళు గెలిచాడు, ఏడు కార్లు పోగొట్టుకున్నాడు, ఎనిమిదోది నడుపుతున్నాడు. మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది. సొట్ట పెట్టినవాళ్ళే సొట్ట తీయాలి. ఆదివారం పందెంలో ఎవరు ఎవరికి తగిలితే వాళ్ళు సోమవారం సాయంత్రం సుత్తి పట్టుకుని అవతలివాళ్ళ షెడ్డుకు రావాలి. సొట్ట పడ్డవాళ్ళు కాఫీ పెట్టాలి, ఏలకుల బన్నులు పెట్టాలి, పక్కన నిలబడి వంకలు కూడా పెట్టాలి. పందొమ్మిదేళ్ళలో ఈ ఒప్పందం ఒక్కసారీ తప్పలేదు. ఒకసారి నాకు జ్వరమొస్తే దుప్పటి కప్పుకుని వెళ్ళి మరీ అతని తలుపు సరిచేసి వచ్చాను.

తగలడంలోనూ రకాలున్నాయి. మలుపులో లోపలివైపు సందు దొరికితే దూరి తలుపుకు తలుపు ఆనించి తోసుకోవడం మర్యాదే. అది లేకపోతే పందెం చప్పగా ఉంటుంది. వెనకనుంచి ముక్కుతో పొడవడం మాత్రం నీచం. తౌనో నాకు తలుపుల మీద, ముందు మడ్‌గార్డుల మీద లెక్కలేనన్ని సొట్టలు పెట్టాడు. వెనక మాత్రం ఒక్కటీ పెట్టలేదు.

జూన్ రెండో ఆదివారం హిర్విసువోలో పందెం. బురదనేల అంచున మట్టితో వేసిన బాట అది, మా సొంత మైదానం. ట్యాంకరుతో నీళ్ళు కొట్టినా పది నిమిషాల్లో దుమ్ము లేస్తోంది. ముస్తిక్కి ఆ రోజు ఎలా పరుగెత్తిందో చెబితే గొప్పలు పోతున్నాననుకుంటారు. ఫైనల్‌కు ముందు జరిగే రెండు పందేల్లో మొదటిది గెలిచాను, రెండోదీ గెలిచాను. మూడు చలికాలాలు షెడ్డులో ఇంజన్ మీద వంగి వేళ్ళు కొంకర్లు పోయేలా పని చేసినందుకు ఆ రోజు ఫలితం కనబడింది.

రెండో పందెం అయ్యాక కారు దగ్గరికి వచ్చేసరికి దాని కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనిపించాయి. కిమ్మో కాళ్ళు. పట్నంలో గ్యారేజీ ఉంది వాడికి. లైసెన్సు తీసుకున్నాడు గానీ వాడు పందెంలో దిగగా చూసినవాళ్ళు లేరు. గెలిచిన కార్లకు చీటీ వేసి, కొని, ఇంజన్ విప్పి అమ్ముకుంటాడు. మిగిలిన డొక్కు పాత ఇనుములోకి పోతుంది. రూలుకు విరుద్ధమేమీ కాదు. అయినా వాణ్ణి చూస్తే మాకందరికీ ఒళ్ళు మంట.

“ఈ ఇంజన్ ఎవరు కట్టారాంటీ?” అన్నాడు, కిందనుంచి పాకుతూ బయటికి వచ్చి.

“నేనే.”

“మీరే?”

“భుజం దాకా ఆవులో చెయ్యి పెట్టి, ఏమీ కనబడకపోయినా పని చేసుకొస్తాను. ఇంజన్‌లో అయితే కనబడుతుంది కూడా. ఇందులో ఆశ్చర్యమేముంది?”

వాడు నవ్వాడు. “చప్పుడు బాగుంది. ఫైనల్ గెలవండి, చీటీ వేస్తాను.”

“గెలవకపోతే?”

“గెలవని బండి నాకెందుకాంటీ?”

నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండుతూనే లోపలెక్కడో పొంగిపోయాను. పందొమ్మిదేళ్ళలో నా కారుకు చీటీ వేస్తానన్నవాడు వీడొక్కడే.

సాసేజీలు కాల్చే బండి దగ్గర తౌనో నాకోసం ఒకటి కొని పట్టుకుని నిలబడ్డాడు. అతని మొహం వాడిపోయి ఉంది.

“గద్ద వాలింది, చూశావా?” అన్నాడు.

“చూశాను. కింద పడుకుని మరీ చూశాడు.”

“ఫైనల్లో మూడోదానివిగా రా హిల్కా. మూడో బండి వంక వాడు కన్నెత్తి కూడా చూడడు. ఆ కప్పు ఏం చేసుకుంటావు? అందులో మొక్క కూడా బతకదు.”

“మీ ఇంట్లో తొమ్మిదున్నాయిగా.”

“అందుకే చెబుతున్నా. తొమ్మిదింట్లోనూ ఒక్క మొక్క బతకలేదు.”

“పోయిన ఏడాది నీ కారు పోయింది. ఏం చేశావు?”

“ఇంకోటి కట్టుకున్నా.”

“మరి?”

“నా సంగతి వేరు.”

“ఎందుకు వేరు? చెప్పు, వింటాను.”

తౌనో సాసేజీ మీద ఆవాల ముద్ద ఎక్కువ వేశారని గొణిగి, బొటనవేలితో తుడిచి గడ్డికి రాశాడు. “నీకు యాభై ఆరు,” అన్నాడు.

“నీకు అరవై రెండు. నిన్నెవరైనా ఆపారా? నీ పప్పులు నా దగ్గర ఉడకవు గానీ, పక్కకి జరుగు, హెల్మెట్ పెట్టుకోవాలి.”

ఫైనల్లో ఆరు కార్లు, ఆరు చుట్లు. జెండా పడగానే తౌనో ముందుకెళ్ళాడు, నేను రెండు, నా వెనక ఎర్ర లాడా కారు. రెండో చుట్టులో తౌనో మలుపు కాస్త వెడల్పుగా తీసుకున్నాడు. లోపలికి దూరాను. తలుపుకు తలుపు రాసుకుంది, ఇనుము కీచుమంది. అతను ఒక బెత్తెడు కూడా వదల్లేదు, నేనూ వదల్లేదు. మలుపు దాటేసరికి నేను ముందున్నాను. ముందు అద్దం బదులు బిగించిన ఇనపవలలోంచి ఖాళీ బాట కనిపించింది. ముందు ఎవరి దుమ్మూ లేదు. ఆ ఖాళీ బాట ఎంత బాగుంటుందో రెండోవాళ్ళుగా వచ్చేవాళ్ళకు తెలియదు. ఒమేనా తర్వాత ఫైనల్లో నాకది మళ్ళీ ఆ రోజే దొరికింది.

మూడు, నాలుగు, ఐదు. ఆఖరి చుట్టులో పాత ఆవిరిస్నానాల గుడిసె పక్కన మలుపు. దాన్ని దాటితే ఇక తిన్నటి దారే. మలుపులోంచి బయటికి వస్తున్నాను. ఎడమవైపు వెనక టక్కున తగిలింది.

పెద్ద దెబ్బ కాదు. తలుపు వేసినంత చప్పుడు. కానీ సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. ముస్తిక్కి వెనకభాగం జారిపోయి, ముక్కు బురదకాలవ వైపు తిరిగింది. అలాంటప్పుడు ఎవరికైనా కాలు ఎత్తాలనిపిస్తుంది. ఆవు తన్నబోతున్నప్పుడు వెనక్కి తగ్గకూడదు, ఇంకా దగ్గరికి జరిగి దాని తొడకు ఒంటిని ఆనించాలి. దగ్గరగా ఉన్నవాళ్ళకు దెబ్బలో జోరుండదు. ముప్ఫై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. కాలు ఎత్తలేదు, నేల దాకా తొక్కాను. స్టీరింగు జారేవైపుకు తిప్పి పట్టుకున్నాను. కారు కాలవ అంచున గడ్డి కోసుకుంటూ వెళ్ళి, తల విదిలించి, మళ్ళీ బాట మీదకి వచ్చింది. ఎర్ర లాడా నా తలుపు దాకా వచ్చేసింది. సగం కారు తేడాతో నేను గీత దాటాను.

గెలిచాను. హెల్మెట్ తీయకుండా ఏడ్చాను. అందులో ఒక సుఖముంది, ఎవరికీ కనబడదు. పందొమ్మిదేళ్ళు, నాలుగు రెండో స్థానాలు, ఒమేనా, అన్నీ ఆ ఇరుకు హెల్మెట్‌లోనే కారిపోయాయి. దిగేటప్పటికి మొహం తుడుచుకుని మామూలుగా ఉన్నాను.

అప్పుడే వెనక్కి వెళ్ళి చూశాను. ఎడమ వెనక మడ్‌గార్డు మీద, దీపానికి పైన, గిన్నె బోర్లించినంత సొట్ట. అందులో నీలం రంగు. మైదానంలో నీలం కారు తౌనోది ఒక్కటే.

సొట్ట కన్నా నన్ను మండించింది ఇంకొకటుంది. నేను జారినప్పుడు పక్కన లారీ పట్టేంత సందు. తగిలినవాడు గెలవాలనుకుంటే ఆ సందులో దూరిపోవాలి. తౌనో దూరలేదు. బ్రేకు వేశాడు. వెనక వచ్చేవాళ్ళను చూసే అద్దంలో స్పష్టంగా చూశాను, ఎర్ర లాడాను కూడా ముందుకు పోనిచ్చి మూడోవాడిగా వచ్చాడు. అతను నన్ను దాటడానికి తగల్లేదు. నన్ను మూడోదాన్ని చేయడానికి తగిలాడు. నేను వినని సలహాను ముక్కుతో పొడిచి వినిపించబోయాడు. నా మంచి కోసం.

ఒక మనిషి మీద అంత కోపం నాకు జన్మలో రాలేదు. నన్ను ఓడించాలనుకునేవాళ్ళతో నాకెప్పుడూ పేచీ లేదు. నాకేది మంచిదో నాకంటే తనకే బాగా తెలుసనుకునేవాడితోనే నా పేచీ, అందులోనూ అతను తౌనో.

ఆఫీసు అంటే ఒక చెక్క గది, దానికో కిటికీ. కిటికీలో ఐలా కూర్చుని ఉంటుంది. మా క్లబ్బు కాగితాలన్నీ చూసేది ఆమే. నన్ను చూడగానే గొంతు తగ్గించింది.

“జెండా దగ్గరవాళ్ళు రాసిచ్చారు హిల్కా. వెనకనుంచి పొడిచాడని. నువ్వు ఫిర్యాదు పెడితే తౌనోకి రెండు పందేలు ఉండవు. పెడతావా?”

“పెట్టను.”

“వెనకనుంచే కదా పొడిచాడు?”

“మా సొట్టలు మేం తీసుకుంటాం. కాగితం మూసెయ్.”

ఐలా మూసేసింది. కిటికీ బల్ల మీద చీటీలు వేసే కాఫీ డబ్బా పెట్టింది. కిమ్మో అప్పటికే తన చీటీ నింపేసి, గోడకానుకుని నిలబడి ఉన్నాడు. వాడి వెనక ఒక వరస. పందుల రైతు, ఆసుపత్రి నర్సు, ఇద్దరన్నదమ్ములు, ఎర్ర లాడా మనిషి, ఇంకా ఐదారుగురు. వరస చివర తౌనో. అందరి చేతుల్లోనూ చీటీలు, అందరి చీటీల మీదా ముస్తిక్కి నంబరే. అందరూ మాతో పందెంలో దిగేవాళ్ళే, వీళ్ళలో సగంమందికి రెండో కారు పెట్టుకోవడానికి చోటు కూడా లేదు. నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పదకొండు చీటీల మధ్య కిమ్మో చీటీ ఒక్కటి. పదకొండింట్లో ఏది వచ్చినా కారు సాయంత్రానికి నా షెడ్డులో ఉంటుంది. తౌనోనే వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరితో మాట్లాడి వచ్చి ఉంటాడు.

మంచివాళ్ళు. నిజంగా మంచివాళ్ళు. ఆ క్షణంలో వాళ్ళందరినీ ఒక బుట్టలో వేసి కాలవలో తోసేయాలనిపించింది.

“ఈ కారు తోలాలనుకునేవాళ్ళు చీటీ వేయండి,” అన్నాను. “కొని నాకే తిరిగి ఇచ్చేద్దామనుకునేవాళ్ళు చింపేయండి.”

నర్సే మొదట నోరు విప్పింది. “నీ బండి నీకుంటుంది కదా హిల్కా, నీకేం నష్టం?”

“ఈ రూలు అందరికీ ఉంది. తౌనో ఏడు కార్లు పోగొట్టుకున్నాడు, ఒక్కసారైనా మనమెవరైనా ఇలా వరస కట్టామా? కట్టలేదు. అతను గెలిచాడు, పోగొట్టుకున్నాడు, ఇంకోటి కట్టుకున్నాడు. నేను గెలిస్తే మాత్రం పాపం అనిపించిందా మీకు? నేను అందరిలాగే గెలిచాను. అందరిలాగే పోగొట్టుకుంటాను.”

“మేం అలా అనుకోలేదు,” అన్నాడు పందుల రైతు, బూట్ల వంక చూసుకుంటూ.

“అనుకోలేదని తెలుసు. అయినా చింపు.”

తౌనో ఏదో అనబోయాడు. “నువ్వు అందరికంటే ముందు చింపు,” అన్నాను. ఆ రోజు అతనితో నేనన్న ఆఖరి మాట అదే. అతను నా మొహంలోకి ఒక్కసారి చూసి, చీటీని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరే చింపారు. పక్క ఊరి ఆలుగడ్డల రైతు మాత్రం చింపలేదు. “నాకు నిజంగానే తోలాలనుంది,” అన్నాడు బెరుగ్గా. అతన్ని కౌగిలించుకుందామా అనిపించింది.

డబ్బాలో రెండు చీటీలు. ఐలా కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. విప్పి చదివి, నా వంక చూసింది.

“కిమ్మో,” అంది.

కిమ్మో డబ్బు కిటికీలో పెట్టాడు. నేను మెడలోంచి తాళంచెవి తీసి వాడికిచ్చాను.

“రెండో గేరు మొండికేస్తుంది,” అన్నాను. “లాగకు. ఒక్క క్షణం ఆగితే అదే పడుతుంది. విప్పేసే ముందు ఒక్కసారి తోలి చూడు. ఏం విప్పుతున్నావో నీకూ తెలియాలి కదా.”

వాడు తాళంచెవి అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. “వాళ్ళతో ఎందుకు చింపించారు? ఎలాగూ మీకే దక్కేది.”

“అలా దక్కితే నేను గెలిచినట్టు కాదు.”

“నాకు అర్థం కాలేదు హిల్కా గారూ,” అన్నాడు. ఆంటీ అనలేదు. ముస్తిక్కిని తన ట్రాలీ మీదకి ఎక్కించేటప్పుడు గట్టిగా లాగకుండా మెల్లిగా ఎక్కించాడు. అది మలుపు తిరిగేదాకా చూసి, కప్పు చంకలో పెట్టుకుని, నా మామూలు కారు వెనక ఖాళీ ట్రాలీ లాక్కుంటూ ఇంటికి వచ్చాను. గెలిచాక ఇలా ఉంటానని ఎప్పుడూ ఊహించలేదు. గుండె నిండుగా ఉంది, షెడ్డు ఖాళీగా ఉంది, రెండూ నిజమే.

సోమవారం నాకు పదమూడు ఆవులు. తొమ్మిదో ఇంట్లో పశువుల కొట్టం వెనక దురదగొండి మొక్కల్లో ఒక డాట్సన్ డొక్కు పడి ఉంటుంది. దాన్ని ఏడేళ్ళుగా చూస్తున్నాను. అందులో కోళ్ళు కాపురం పెట్టాయి. ఇస్తావా అని అడిగాను. రైతు గెడ్డం గోక్కుని, “తీసుకెళ్ళు, కోళ్ళకు ఇంకో ఇల్లు చూస్తాను,” అన్నాడు. సాయంత్రం ఐదింటికల్లా అది నా షెడ్డులో ఉంది. సీట్ల నిండా ఈకలు, నేల నిండా రెట్ట. ఇంజన్ లేదు. దానికి హెలునా అని పేరు పెట్టాను.

ఆరింటికి చేను గట్టు మీద తౌనో కనిపించాడు. చేతిలో సుత్తి, ఇంకో చేతిలో వెనక ఆనించే ఇనపదిమ్మ. సొట్ట తీయాల్సిన కారు ఊళ్ళో లేదని అతనికి తెలుసు. అయినా వచ్చాడు. షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. నేను కాఫీ పెట్టలేదు, కూర్చోమనలేదు.

“సోమవారం కదా,” అన్నాడు.

“ఔను, సోమవారమే.”

“కోపంగా ఉన్నావు.”

“నిన్న కోపం. ఇవాళ దాన్ని కోపమంటే తక్కువవుతుంది. ఎందుకు పొడిచావు?”

“తెలుసుగా నీకు.”

“నీ నోటితో చెప్పు.”

తౌనో సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “నా బండి పోతే నేను ఇంకోటి కట్టుకుంటానని నాకు తెలుసు. నీది పోతే కడతావో లేదో నాకు తెలియదు. మూడు చలికాలాలు ఎలా కష్టపడ్డావో చేనుకు అవతలనుంచి చూస్తూనే ఉన్నా. తెల్లవార్లూ దీపం వెలిగేది. బండి పోతే ఇక చాలులే అని మానేస్తావనుకున్నా.” చేను వైపు ఒకసారి తిరిగి చూశాడు. “నువ్వు మానేస్తే నేనెవరితో పరుగెత్తను? మిగతావాళ్ళు నాకు తలుపు ఆనిస్తే తప్పుకుంటారు. నువ్వొక్కదానివే తప్పుకోవు.”

ఈ మాట నిన్న సాసేజీల బండి దగ్గర చెప్పి ఉంటే నవ్వేసి వీపు మీద ఒకటి చరిచేదాన్ని. ఇప్పుడు కూడా సగం కోపం అక్కడే కరిగింది. మిగతా సగాన్ని కరగనివ్వలేదు.

“విను తౌనో,” అన్నాను. “నన్ను ఓడించడానికి తగులు. ఎంత గట్టిగా తగిలినా సరే. తలుపు ఊడినా నేను కిక్కురుమనను. కాపాడడానికి మాత్రం ఇంకోసారి తగిలావంటే, ఈ చేను మీద నీ కాలు పడనివ్వను.”

“సరే.”

“సరే అంటే?”

“తప్పు చేశా. ఇంకోసారి చేయను.” అప్పుడు హెలునా వంక చూశాడు. మొదటిసారి చూసినట్టు చూశాడు, నిజంగా మొదటిసారే చూశాడనుకుంటాను. ముక్కుకు కోళ్ళ వాసన తగిలి మొహం చిట్లించాడు. “ఇదేంటి?”

“హెలునా.”

“ఇందులో కోడి ఉంది.”

నిజమే, వెనక సీటు కింద ఒకటి మిగిలిపోయింది. దాన్ని పట్టి బయటికి వదిలాను. తౌనో సుత్తి కిందికి దించాడు. ఇంక వెళ్ళిపోదామన్నట్టు గుమ్మం వైపు తిరిగాడు. “మరి నీ సొట్ట బాకీ ఉండిపోయినట్టేగా,” అన్నాడు. “మొదటిసారి.”

పందొమ్మిదేళ్ళ ఒప్పందం. కిమ్మో గ్యారేజీలో ఎక్కడో ఆ సొట్ట నీలం రంగుతో సహా ఉంది. రేపో ఎల్లుండో పాత ఇనుములోకి పోతుంది. నాకది నచ్చలేదు.

“సుత్తి ఇటివ్వు,” అన్నాను.

ఇచ్చాడు. హెలునా వెనక్కి వెళ్ళి, ఎడమవైపు మడ్‌గార్డు మీద రెండు చేతులతో ఒక్కటి వేశాను. తుప్పు జలజలా రాలింది. గిన్నె బోర్లించినంత గుంట పడింది. ఇంకా ఒక బోల్టు కూడా బిగించని కారుకు మొదటి సొట్ట పెట్టి, సుత్తి అతని చేతికిచ్చాను.

“ఇదిగో నీది. తియ్యి.”

తౌనో వంగి దగ్గరగా చూశాడు. “ఇక్కడ కాదు,” అన్నాడు. “నేను తగిలింది ఇంకో బెత్తెడు పైన.”

సుత్తి మళ్ళీ తీసుకుని బెత్తెడు పైన వేశాను. “చాలా?”

“ఇప్పుడు సరిపోయింది.” కోటు విప్పి గూటానికి తగిలించాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మడ్‌గార్డు లోపలికి చెయ్యి దూర్చి ఇనపదిమ్మ ఆనించాడు. “ఎప్పటికి లేస్తుంది ఇది?”

“ఆగస్టుకి.”

“ఇంజన్ లేదు, నేల లేదు, ఆగస్టుకా?”

“ఆగస్టు ఆఖరి ఆదివారం. హిర్విసువోలో నీ పక్కనే నిలబడతాను. దారివ్వకు.”

“నేనెందుకిస్తా?”

వంటింట్లోకి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టాను. బన్నులు నిన్నటివే, పొయ్యి మీద వెచ్చబెట్టాను. కప్పు కిటికీలో ఉంది, అందులో స్పూన్లు వేశాను. షెడ్డులోంచి సుత్తి చప్పుడు మొదలైంది. నాలుగు దెబ్బలు విన్నాను. కిటికీ తీసి, ఇంకాస్త కిందనుంచి కొట్టమని కేకేశాను.